పిల్లల్ని రోడ్డు మీద తిప్పకండి, నా బెంచీ దగ్గరికి పంపండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను చిత్తూరులో సర్కారు ఆఫీసుల ముందర కూర్చుని అర్జీలు రాసేవాణ్ణి. ముప్పై ఆరేళ్ళుగా ఇదే పని. వేపచెట్టు కింద మడత టేబులు, చెక్క బెంచీ, తెల్లకాగితాల కట్ట, స్టాప్లరు, వేలిముద్రలకు ఇంకు ప్యాడు, కాగితాలు గాలికి ఎగిరిపోకుండా పెట్టుకునే పాత తూకం రాయి. అదే నా ఆఫీసు. కలెక్టర్లకు, తహసీల్దార్లకు, కరెంటాఫీసు ఏఈలకు ఎన్ని రాశానో లెక్కలేదు. అన్నీ ఒకరి తరఫున రాసినవే. నా తరఫున రాసుకుంటున్నది ఇదే మొదటిది. అలవాటు లేని పని కాబట్టి పొడుగైతే మీరే కత్తిరించుకోండి. పేరు మాత్రం వెయ్యొద్దు. మా చెట్టు కింద ఇంకో నలుగురు రాసేవాళ్ళున్నారు, ఇది చదివితే నన్ను అక్కడ కూర్చోనివ్వరు.

విషయం బడుల్లో జరిపే దినోత్సవాల గురించి. సెప్టెంబర్ 8 అక్షరాస్యత దినోత్సవం, 21 శాంతి దినోత్సవం. ఈ 2025లో రెండూ మొన్ననే అయిపోయాయి. అయిపోయాక ఎందుకు రాస్తున్నావయ్యా అంటారేమో. ముందే రాసుంటే ఏ బడిలోనూ చదివే తీరిక ఉండదు, అందరూ బ్యానర్ కొట్టించే హడావుడిలో ఉంటారు.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. ఏటా ఆగస్టు నెలాఖరు వచ్చిందంటే నా బెంచీకి అర్జీదారులతో పాటు ఇంకో రకం జనం వస్తారు. పిల్లల అమ్మానాన్నలు. "సార్, మావాడికి అక్షరాస్యత మీద వ్యాసరచన పోటీ ఉందంట, రాసి పెట్టండి" అని. అర్జీకి 50 రూపాయలు తీసుకుంటాను. వ్యాసానికి 100, ఎందుకంటే రెండు పేజీలు. రాసి రాసి అంతా నోటికి వచ్చేసింది. 1965 సెప్టెంబర్ 8న టెహ్రాన్‌లో ప్రపంచ దేశాల విద్యామంత్రులు కూడారు, నిరక్షరాస్యతను ఎట్లా పోగొట్టాలా అని. మరుసటి ఏడాది అక్టోబర్ 26న యునెస్కో ఆ తేదీని అక్షరాస్యత దినోత్సవంగా ప్రకటించింది. 1967 నుంచి జరుపుకుంటున్నారు. మనకు స్వతంత్రం వచ్చాక 1951లో లెక్క తీస్తే వందలో 18 మందికే అక్షరాలు వచ్చు. 2011 లెక్కల్లో మన ఉమ్మడి చిత్తూరు జిల్లాకు వందలో 71 మంది పైచిలుకు, ఆడవాళ్ళలో అయితే 63 మంది. ఆ తర్వాత ఈ 2025 దాకా జనగణన జరగలేదు కాబట్టి పద్నాలుగేళ్ళుగా ప్రతి పిల్లవాడికీ అదే అంకె రాసిస్తున్నాను. ఎవరూ ఇదేమిటని అడగలేదు.

నాలుగేళ్ళ కిందట నేను రాసిచ్చిన వ్యాసానికి మండలంలో ఫస్ట్ ప్రైజు వచ్చింది. ఆ అబ్బాయి నాయన మైసూరుపాకు పొట్లం పట్టుకొచ్చి నా చేతిలో పెట్టాడు. సంతోషంతో ఆయనకు మాట రావడం లేదు. ఆయన నాకు కొత్తవాడు కాదు, అంతకు ముందు నెలే పాసుపుస్తకంలో విస్తీర్ణం తక్కువ పడిందని అర్జీ రాయించుకుని, కింద బొటనవేలు వేసి పోయిన మనిషి. ఇంట్లో ఏడో తరగతి చదివే కొడుకు ఉన్నాడు. అక్షరాస్యత మీద బహుమతి వచ్చింది. నాయన వేలి మీది ఇంకు మాత్రం ఆరలేదు. ఆ మైసూరుపాకు తిన్నాను, కాదనను.

ఇక ఈ ఏడాది సంగతి. సెప్టెంబర్ 8 సోమవారం పడింది. సోమవారమంటే మాకు గ్రీవెన్స్ రోజు, ఆఫీసులో అర్జీలు తీసుకునే రోజు. తెల్లవారేసరికి పలమనేరు, కుప్పం వైపు నుంచి కూడా బస్సులు దిగి జనం వచ్చేస్తారు. ఈసారి ఎక్కువ భాగం తోతాపురి మామిడి డబ్బుల గొడవ. జూన్‌లో కాయ ధర పడిపోయినప్పుడు కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుంది అని చెప్పారు కదా. ఆ ఎనిమిది మాకు రాలేదని కొందరు, నాలుగు రాలేదని కొందరు, రెండూ రాలేదని ఇంకొందరు. పదిన్నర ప్రాంతంలో అరవై ఏళ్ళామె ఒకామె బెంచీ మీద కూర్చుంది. చెంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన తూకం చీటీ తీసింది. చెమటకు తడిసి మడతల దగ్గర చినిగిపోతా ఉంది. నేను చీటీ చూశాను, అంకె ఎక్కించాను, గబగబా రాసేశాను. వెనక ఇంకో ఆరుగురు నిలబడి ఉన్నారు.

అప్పుడే ర్యాలీ వచ్చింది. యూనిఫారాలేసుకున్న పిల్లలు రెండు వరసలు, ముందర బ్యానరు, పక్కన విజిల్‌తో పీఈటీ సారు. "నిరక్షరాస్యతను నిర్మూలిద్దాం" అని అరవమంటే మూడో తరగతి పిల్లకాయల నోరు తిరగడం లేదు, చివరి "ద్దాం" ఒక్కటే గట్టిగా వినిపిస్తా ఉంది. నా బెంచీ మీదామె తల తిప్పి చూసి "ఏందప్పా, ఎలచ్చన్లు వచ్చిండాయా?" అనింది. కాదులే, చదువుకోమని చెప్తా ఉండారు అన్నాను. "ఎవురికి?" అనింది. నేను జవాబు చెప్పేలోగా వరస ఆగింది, ముందర ఏదో బస్సు అడ్డం వచ్చినట్టుంది. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె నీళ్ళకని నా క్యాను దగ్గరికి వచ్చింది. చేతిలో కర్రకు అంటించిన అట్ట.

"ఏం రాసిండాది తల్లీ దాంట్లో?" అని బెంచీ మీదామె అడిగింది.

ఆ పిల్ల అట్ట వైపు చూసింది, ఆమె వైపు చూసింది. "విద్య లేనివాడు..." అని మొదలుపెట్టి ఆపేసింది. తర్వాతి మాట నాకు కనిపిస్తానే ఉంది, ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసుంది. వింత పశువు. ఆ పిల్ల అట్టను మెల్లిగా వెనక్కి తిప్పి, "అందరూ చదువుకోవాలని రాసింది అవ్వా" అనింది. ఏ బడి ఐవోరు నేర్పాడో, ఎవరూ నేర్పకపోయినా వచ్చిందో, ఆ తిప్పడం నాకు చాలా నచ్చింది.

అవ్వ వదల్లేదు. "అయితే ఈ చీటీ కూడా చదివి పెట్టు. ఈ అయ్య రాసింది సరిగ్గా ఉండాదో లేదో చూద్దాం" అనింది, నవ్వులాటకే. ఆ పిల్ల బాటిల్ మూత పెట్టేసి, చీటీని నా టేబులు మీద పరిచి, మడత దగ్గర వేలితో నొక్కి పట్టుకుని ఒక్కో అంకె చదివింది. మూడు వేల నాలుగు వందల ఇరవై. తర్వాత నా అర్జీ చదివింది. మూడు వేల రెండు వందల నలభై. "అంకుల్, ఇక్కడ తప్పు పడింది" అనింది.

తప్పే. 3,420ని నేను 3,240 చేశాను. 180 కిలోల తేడా, ఫ్యాక్టరీ ఇవ్వాల్సిన లెక్కలో 1,440 రూపాయలు. అంతకన్నా పెద్ద నష్టం, కాగితానికీ అర్జీకీ పొంతన లేదని పక్కన పెట్టేసేవాళ్ళు, ఆమె మళ్ళీ బస్సు చార్జీ పెట్టుకుని వచ్చేది, ఎందుకు పక్కన పెట్టారో ఆమెకు తెలిసేది కాదు. నాకూ తెలిసేది కాదు. ఇన్నేళ్ళలో ఇట్లాంటివి ఎన్ని చేశానో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను రాసింది సరిచూసేవాడు నా బెంచీ దగ్గర ఎప్పుడూ లేడు. అది చదవలేరనే కదా నా దగ్గరికి వచ్చేది.

ఇంతలో విజిల్ మోగింది. గాంధీ బొమ్మ దగ్గర గ్రూపు ఫొటో దిగాలంట. ఆ పిల్ల అట్ట ఎత్తుకుని పరుగెత్తింది. నేను కొత్త కాగితం మీద మళ్ళీ రాశాను. అవ్వ బొటనవేలు వేసి, మిగిలిన ఇంకు జుట్టుకు తుడుచుకుని, 50కి బదులు 30 రూపాయలు టేబులు మీద పెట్టి పోయింది. నేను నోరెత్తలేదు.

మొత్తం ఆ ర్యాలీలో నూటయాభై మంది పిల్లలుంటారు. పని చేసింది ఒక్కతే, అది కూడా దప్పికయ్యి. మూడు నిమిషాలు.

పంతుళ్ళను తిట్టడానికి నేను ఈ ఉత్తరం రాయడం లేదు. నా కూతురికి పంతుళ్ళ ఇంట్లోనే సంబంధం చేశాను, వాళ్ళ టెన్షన్ నాకు తెలుసు. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, అదే రోజు క్రీడా దినోత్సవం. సెప్టెంబర్ 5 గురుపూజోత్సవం, 8 ఇది, 14 హిందీ, 16 ఓజోను, మూడో శనివారం స్వచ్ఛాంధ్ర, 21 శాంతి. ఒక్కోదానికి బ్యానరు, ప్రతిజ్ఞ, ఫొటో. ఆ ఫొటో గ్రూపులో పెట్టకపోతే సాయంత్రానికి ఫోను వస్తుంది. ఫొటోకు ర్యాలీ బాగుంటుంది, నిజమే. ఒక పిల్ల ఒక అవ్వ పక్కన కూర్చుని చీటీ చదివితే ఫొటోలో ఏముంటుంది, రెండు తలకాయలు తప్ప.

ఈ ఏడాది అక్షరాస్యత దినోత్సవానికి యునెస్కో పెట్టిన అంశం డిజిటల్ యుగంలో అక్షరాస్యత. అది చదివి నవ్వుకున్నాను. ఇప్పుడు అర్జీ ఇస్తే నంబరు వస్తుంది, ఆ తర్వాత సంగతులు ఫోనుకే వస్తాయి. వాట్సాప్‌లోనే సర్టిఫికెట్లు తీసుకోవచ్చంటున్నారు, మంచిదే. కానీ రోజుకు పదిమంది వచ్చి ఫోను నా చేతిలో పెట్టి "ఇందులో ఏమొచ్చిందో చూడు సామీ" అంటారు. లాక్ కూడా ఉండదు. ఓటీపీలు, బ్యాంకు బ్యాలెన్సులు, కొడుకు పెట్టిన మెసేజీలు అన్నీ నేను చదువుతాను. నేను మంచివాణ్ణి కాబట్టి సరిపోయింది.

ఒకప్పుడు ఇది ఇట్లా లేదు. 1990లో కేరళలో ఎర్నాకుళం జిల్లా సంపూర్ణ అక్షరాస్యత సాధించిందని ప్రకటించాక ఆ ఉద్యమం మన వైపు కూడా వచ్చింది. నేను అప్పుడే మా మామ దగ్గర పనిలో చేరాను, సాయంత్రం ఊరికి పోయి వలంటీరుగా చెప్పేవాణ్ణి. గుడి ముందర అరుగు మీద పెట్రోమాక్స్ దీపం. పదకొండు మంది ఆడవాళ్ళు, అందులో మా అమ్మ ఒకతె. పగలంతా చెనిక్కాయలు వలిచి వేళ్ళు పగిలిపోయి ఉండేవి, బలపం పట్టుకుంటే జారిపోయేది. మా అమ్మ పేరులో "క్ష్మ" ఉంది. ఆ ఒక్క అక్షరానికి రెండు వారాలు పట్టింది. "మీ తాత ఇంకో పేరు పెట్టకూడదా" అని ఆయనను తిట్టుకుంటా దిద్దింది. వచ్చిన రోజున పలక కడగనివ్వలేదు, రాత్రి దూలం మీద పెట్టుకుని పడుకుంది.

పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఇట్లాంటి రాత్రిబడి వాచకంలో పాఠం చదువుకునే ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. వాళ్ళను ముందుండి నడిపిన రోశమ్మ పేరు అందరికీ తెలుసు. 1992లో అక్కడ మొదలై రాష్ట్రమంతా అంటుకుంది, 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం సారా నిషేధించాల్సి వచ్చింది. మా ఊళ్ళో అంత జరగలేదు. మా వాళ్ళు చేసింది చిన్న పని. కొట్టువాడి అరువు ఖాతా పుస్తకం తెప్పించుకుని, మొగుళ్ళ పేర్ల ఎదురుగా ఏ అంకె వేశాడో కూడబలుక్కుని చదివారు. రెండు మూడు చోట్ల సున్నా ఒకటి ఎక్కువుంది. ఆ మరుసటి రోజు నుంచి కొట్టువాడు మా అమ్మను చూస్తే పక్క సందులో పోయేవాడు.

తర్వాత ఏమైంది? ఏడాదికి దీపం ఆగిపోయింది. నాకు పెళ్ళయింది, టౌనుకు వచ్చేశాను. చదవడానికి ఊళ్ళో ఏమీ లేక మా అమ్మకు ఒక్కో అక్షరం జారిపోయింది, పేరు ఒక్కటే నిలిచింది. చాలా ఏళ్ళకు ఒక బ్యాంకులో డబ్బు తీయడానికి తీసుకుపోయాను. ఆమె చేయి అప్పటికే వణుకుతా ఉంది. "క్ష్మ" దగ్గర ఒత్తు పక్కకు పోయింది. సంతకం కలవడం లేదు అన్నాడు కౌంటర్‌లో అబ్బాయి. ఇంకోసారి పెట్టింది. వెనక లైను పెరుగుతా ఉంది. "ఎందుకమ్మా కష్టం, వేలిముద్ర వేసెయ్" అన్నాడు. మర్యాదగానే అన్నాడు పాపం. ఆమె నా ముఖం చూసింది. నేను కూడా వేసెయ్యమ్మా అన్నాను, నాకు ఆఫీసు టైము అయిపోతా ఉంది. ఆ తర్వాత పోయేదాకా ఆమె పెన్ను ముట్టుకోలేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, నేర్పడం ఒక్క రోజు పండగ అయితే మర్చిపోవడం ఏడాది పొడుగునా జరుగుతుంది. ఇంట్లో ఒక మనవడో మనవరాలో వారానికోసారి పక్కన కూర్చుని పాలచీటీ, కరెంటు బిల్లు చదివించి ఉంటే ఆ "క్ష్మ" పోయేది కాదు.

ఇక శాంతి దినోత్సవం. దీని మీద కూడా ఉపన్యాసాలు రాసిచ్చాను లెండి, రేటు అంతే. ఐక్యరాజ్యసమితి 1981లో తీర్మానించింది, 1982 నుంచి మొదలుపెట్టారు. మొదట సెప్టెంబర్ మూడో మంగళవారం చేసేవాళ్ళు. 2001లో ఇంకో తీర్మానం చేసి 21వ తేదీకి ఖాయం చేశారు, ఆ ఒక్క రోజైనా ప్రపంచంలో తుపాకులు పేలకూడదని. న్యూయార్క్‌లో సమితి ఆఫీసు దగ్గర ఒక గంట ఉంది. 1954లో జపాన్ వాళ్ళు ఇచ్చారు. అరవై దేశాల జనం, వాళ్ళలో పిల్లలు కూడా, ఇచ్చిన నాణేలు కరిగించి పోత పోసిన గంట. శాంతి దినోత్సవం అప్పుడు దాన్ని మోగిస్తారు. ఈ ముక్క రాసిచ్చినప్పుడు పిల్లలకు బాగా నచ్చుతుంది. మేము చదివిన బడిలో గంటంటే రైలు పట్టా ముక్క, దాన్ని చూస్తే శాంతి గుర్తుకొచ్చేది కాదు, ఇంటికి పోవడం గుర్తుకొచ్చేది.

ఈసారి 21 ఆదివారం. 22 నుంచి దసరా సెలవులు. కాబట్టి చేసిన బడుల్లో 20నే చేసేశారు. 20 మూడో శనివారం, స్వచ్ఛాంధ్ర రోజు. ఆ రోజు నేను తిరుపతిలో, కొర్లగుంటలో మా కూతురింట్లో ఉన్నాను. ఏడో తరగతి చదివే మా మనవడు సాయంత్రం ఇంటికొచ్చాడు, ఒక చేతిలో తెల్లకాగితం పావురం, ఒక చేతిలో చీపురు. పొద్దున ఊడ్చారంట, మధ్యాహ్నం శాంతి ప్రతిజ్ఞ చేశారంట. అది నవ్వు తెప్పించింది గాని వాడి ముఖంలో నవ్వు లేదు. బెంచీలో పక్కవాడితో కొట్లాట. వాడు వీడి కాంపాస్ ముల్లు విరిచేశాడు. ప్రతిజ్ఞ చేసేటప్పుడు కూడా చెయ్యి ముందుకు చాపి, వాడి వైపు చూడకుండా చేశాడంట. "ఇంక వాడితో జన్మలో మాట్లాడను తాతా" అన్నాడు.

ఇక్కడ మా మామ సంగతి చెప్పాలి. నాకు ఈ పని నేర్పింది ఆయనే, నాకన్నా ముందు ఆ వేపచెట్టు కింద కూర్చున్నది ఆయనే. చేరిన మొదటి ఆరు నెలలు నన్ను అసలు అర్జీలు ముట్టుకోనివ్వలేదు. ఎవరైనా ఒకరి మీద ఫిర్యాదు రాయించుకోను వస్తే, ఆయన అది వినిపించి, వెనక పక్క ఖాళీగా ఉన్న పాత కాగితం ఒకటి నా ముందు పెట్టి, "ఎదుటోడి అర్జీ రాయిరా" అనేవాడు. అంటే ఎవరి మీద ఫిర్యాదు చేస్తున్నామో వాడు వచ్చి ఇదే బెంచీ మీద కూర్చుంటే ఏం రాయమంటాడో అది. రాసి చూపించి, చింపేసి, అప్పుడు అసలుది మొదలుపెట్టాలి. "అది రాయకుండా ఇది రాస్తే నీ అర్జీ ఆఫీసులో నిలవదు" అనేవాడు. ఆయన చెప్పింది గెలవడానికే, శాంతి కోసం కాదు. కానీ ఎదుటోడి అర్జీ రాసేసరికి వచ్చినవాళ్ళలో కొందరు "ఉండయ్యా, ఇంకోసారి వాడితో మాట్లాడి చూస్తాను" అని లేచి పోయేవాళ్ళు. మా మామకు అప్పుడు కూలి పోయేది. విసుక్కునేవాడు గాని పద్ధతి మానలేదు.

నేను మానేశాను. జనం పెరిగారు, టైము లేదు. దానికి ఫలితం కూడా చూశాను. ఇరవై ఏళ్ళ కిందట పూతలపట్టు వైపు నుంచి అన్నదమ్ములిద్దరు, ఒకే వారంలో వేరేవేరుగా వచ్చి, ఒకరి మీద ఒకరు బండిదారి గురించి అర్జీలు రాయించుకున్నారు. రెండూ నేనే రాశాను. నెల తర్వాత అన్న ఇంకొకటి రాయించుకోను వచ్చి, సంచిలోంచి పాత భాగపరిష్కారం కాగితం జిరాక్స్ తీశాడు. అప్పటిదాకా అది చూపించు అని నేను అడగలేదు. అందులో నాలుగో పేరాలో స్పష్టంగా రాసుంది, ఎనిమిది అడుగుల దారి ఇద్దరికీ ఉమ్మడి అని. తమ్ముడి దగ్గర కూడా అదే జిరాక్స్ ఉంది. ఇద్దరికీ చదవడం రాదు. ఒకరికి వాళ్ళ బావమరిది, ఒకరికి ఊరి పెద్దమనిషి, ఎవరికి కావలసింది వాళ్ళకు చదివి చెప్పారు. ఆ గొడవ నడిచిన రెండేళ్ళలో అన్న కూతురి పెళ్ళికి తమ్ముడు పోలేదు, వాళ్ళ అమ్మ పండగపూట ఏ ఇంట్లో తినాలో తెలియక పస్తు ఉండింది. నేను మూడు అర్జీలకు డబ్బు తీసుకున్నాను. తర్వాత ఇద్దరినీ పిలిచి ఆ పేరా చదివి వినిపించాను గాని, అప్పటికి ఇద్దరికీ అంత తొందరగా నవ్వు రాలేదు.

సరే, మా మనవడి దగ్గరికి వస్తాను. రాత్రి సంగటి తిన్నాక వాణ్ణి కూర్చోబెట్టి, "మీ హెడ్‌మాస్టరుకు అర్జీ రాయి. నీది కాదు, వాడిది" అన్నాను. ముందు ఒప్పుకోలేదు. కొత్త కాంపాస్ కొనిస్తానని లంచం పెడితే కూర్చున్నాడు. పెన్ను నములుతా పావుగంట. రాసింది ఇది: "గౌరవనీయులైన సార్ గారికి. నేను కాంపాస్ విరిచిన మాట నిజమే సార్. కానీ వాడు నన్ను రోజూ ఆటో అని పిలుస్తాడు. నా పేరు ఆటో కాదు."

ఆ పిల్లవాడి నాయన అలిపిరికి ఆటో తోలతాడంట. నాకు అప్పటిదాకా తెలియదు, మా కూతురికీ తెలియదు. మనవడు రాసింది తనే ఒకసారి చదువుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఇది సారుకు ఇచ్చేయాలా తాతా?" అన్నాడు. ఎవరికీ ఇవ్వొద్దు, చింపెయ్ అన్నాను. చింపలేదు, మడిచి జామెట్రీ బాక్సులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత సెలవులు వచ్చేశాయి. వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారో లేదో నేను చెప్పలేను, బడి తెరిస్తే గాని తేలదు.

నేను అడిగేది ఎక్కువేమీ లేదు. వచ్చే ఏడాది 8 నుంచి 21 దాకా ఉన్న పద్నాలుగు రోజులను బడులు ఒకే పనిగా తీసుకోవాలని. 8న ర్యాలీ మానేసి, ఐదో తరగతి దాటిన ప్రతి పిల్లా ఇంట్లోనో వీధిలోనో చదవడం రాని మనిషిని ఒకరిని ఎంచుకోవాలి. వ్యాసం వద్దు. ఆ మనిషి సొంత కాగితం ఒకటి తీసుకోవాలి. రేషన్ కార్డు, గ్యాస్ బుక్కు, తూకం చీటీ, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఏదైనా. అందులో ఆ మనిషి పేరు, ఊరు పేరు, ఒక అంకె గుర్తుపట్టేదాకా రోజూ పావుగంట కూర్చోవాలి. అ ఆలతో మొదలుపెట్టమని నేను చెప్పను. మా అమ్మ "అమ్మ, ఆవు" అని దిద్దుతా నిద్రపోయేది, సారా కొట్టు ఖాతా పుస్తకం ముందర మాత్రం ఎవరికీ నిద్ర రాలేదు. 21న ప్రతిజ్ఞ మానేసి, క్లాసులో ప్రతి ఒక్కరూ తమకు పడని ఒకరి తరఫున నాలుగు వాక్యాల అర్జీ రాయాలి. ఎవరూ గట్టిగా చదవకూడదు, ఐవోరు కూడా తీసుకోకూడదు. ముఖ్యంగా ఫొటో తీయకూడదు.

దీనికి కొత్త జీవో అక్కర్లేదనుకుంటాను. కేంద్రం 2022 నుంచి 2027 వరకు నడిపే ఉల్లాస్ పథకం ఉండనే ఉంది. పదిహేనేళ్ళు దాటినవాళ్ళకు, జీతం లేని వలంటీర్లతో నేర్పించేది. చివర 150 మార్కులకు పరీక్ష, చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50. ఆ వలంటీరు ఇంట్లోనే ఉన్నాడు, సాయంత్రం ఫోను చూసుకుంటా.

అడ్డం చెప్పేవాళ్ళుంటారు. పిల్లల చేతికి ఇంటి కాగితాలు ఇస్తే చింపేస్తారు అంటారు. జిరాక్స్ రెండు రూపాయలు. పిల్లకాయలు పెద్దవాళ్ళకు నేర్పితే మర్యాదగా ఉండదు అంటారు. ఆ అట్టను వెనక్కి తిప్పిన పిల్లకు మర్యాద నేను నేర్పలేదు. నీ పొట్ట నువ్వే కొట్టుకుంటున్నావు అని నా భార్య అంటా ఉంది, ఈ ఉత్తరం రాస్తుంటే పక్కనే కూర్చుని. అది నిజమే. కానీ రాయడం రానివాళ్ళకు మాత్రమే అర్జీ రాసేవాడు కావాలని ఎవరన్నారు? లాయర్లకు కూడా నేనే రాసిస్తాను.

బడులు అక్టోబర్ 3న తెరుస్తారు. ఆ తర్వాత వచ్చే గ్రీవెన్స్ సోమవారం 6వ తేదీ. దగ్గరలోని ఏ బడి ఐవోరైనా ఎనిమిదో తరగతి పిల్లల్ని ముగ్గురిని, పదకొండు నుంచి పన్నెండు దాకా, ఒక్క గంట పంపగలిగితే బెంచీ మీద చోటుంది. నేను రాసిన ప్రతి అర్జీని, అర్జీదారు కాగితంతో పక్కపక్కన పెట్టుకుని, ఆ మనిషికి వినిపించేటట్టు గట్టిగా చదివితే చాలు. తప్పు దొరికితే తప్పుకు ఐదు రూపాయలు నేనే ఇస్తాను. మజ్జిగ తెప్పిస్తాను. వేపచెట్టు నీడ పన్నెండున్నర దాకా ఉంటుంది.

ఇట్లు,
వేపచెట్టు కింది అర్జీ రాతగాడు,
చిత్తూరు